ఉప్పాడ ఒడ్డున మడ మొక్కలు నాటించవచ్చా? డబ్బు ఇచ్చే ముందు చూడవలసినవి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. కాకినాడ ప్రాంతానికి చెందిన మీ మిత్రబృందంలో కొందరు హైదరాబాదులో, కొందరు అమెరికాలో స్థిరపడ్డారు. ఉప్పాడ తీరం ఏటా కోతకు గురవుతుంటే చూడలేక, సముద్రానికీ మత్స్యకారులకూ మేలు జరగాలని మడ మొక్కలు (మాంగ్రోవ్‌లు) నాటించడానికి డబ్బు పోగు చేశారు. ఒక సంస్థ మొక్కకు ఇంత అని ధర చెప్పి, లక్ష మొక్కలు నాటి ఫోటోలూ ధ్రువపత్రమూ పంపిస్తామంటోంది. ఇవ్వవచ్చా? ఇచ్చే ముందు ఏమి అడగాలి? మీవాళ్లు కూడా వచ్చి ఒక రోజు నాటవచ్చా?

ఉప్పాడలో వద్దు. మొక్కకు ఇంత అన్న లెక్క మీద ఎక్కడా వద్దు. అయితే పోగు చేసిన డబ్బు మాత్రం తిరిగి పంచేసుకోకండి. కోరంగి చుట్టుపక్కలా, కృష్ణా మొగల దగ్గరా మడ అడవులకు చేయవలసిన పని చాలా ఉంది. అందులో మొక్క నాటడం చివరి పని, చాలాచోట్ల అవసరమే లేని పని. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఈ పనుల్లో చాలా ఏళ్లు తిరిగినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఉప్పాడ సంగతి. మడ చెట్టుకు కావలసింది నెమ్మదైన నీరు, మెత్తటి బురద, ఎంతో కొంత మంచినీటి కలయిక. నది సముద్రంలో కలిసే చోట, ఉప్పుటేర్ల ఒడ్డున, అలల దెబ్బ నేరుగా తగలని మరుగులో అది పెరుగుతుంది. ఉప్పాడ ఇసుక తీరం, బంగాళాఖాతానికి ఎదురుగా రొమ్ము విరుచుకుని ఉన్న ఊరు. రాళ్లు వేసిన గట్లే అక్కడ నిలవడం లేదు. జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) వేస్తే తుఫాన్లకు అవీ దెబ్బతిన్నాయి. అలాంటి చోట జానెడు మొక్కను గుచ్చితే తెల్లారేసరికి అది నీళ్లలో తేలుతూ ఉంటుంది. కాకినాడకు దక్షిణాన కోరంగిలో మడ అడవి అంత దట్టంగా ఎందుకుందంటే, హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ అడ్డంగా పడుకుని అలలను ఆపుతోంది, గోదావరి పాయలు బురదనూ మంచినీటినీ తెచ్చి పోస్తున్నాయి. అదే దిబ్బ ఉత్తరంగా పెరుగుతూ పోవడం, ఓడరేవు నిర్మాణాలు, ఆనకట్టల వల్ల నది తెచ్చే ఒండ్రు తగ్గడం, ఇవన్నీ ఉప్పాడ కోతకు కారణాలుగా చెబుతారు. ఆ కోతకు మందు ఇంజినీర్ల దగ్గరా, ఇసుక ప్రవాహాన్ని లెక్కకట్టేవారి దగ్గరా వెతకాలి. మడ మొక్కల దగ్గర లేదు. అది చెప్పకుండా ఉప్పాడ పేరు మీద మడ మొక్కలకు డబ్బు అడిగే సంస్థకు తీరం తెలియదు, లేదా తెలిసీ అడుగుతోంది.

ఇక్కడే ఇంకో మాట. ఇసుక తీరంలో మడ కుదరదు కదా అని కొందరు సరుగుడు వేయిస్తారు. ఊరికి, పొలానికి దగ్గరగా, ఒడ్డు నుంచి బాగా వెనక్కి వేస్తే గాలిని ఆపుతుంది, తప్పులేదు. నీటి అంచుదాకా తెచ్చి వేస్తే మాత్రం ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకను మూసేసినట్టే. హోప్ ఐలాండ్ మీదా, చుట్టుపక్కల తీరాల మీదా అవి ఏటా గుడ్లు పెట్టడానికి వస్తాయి. సముద్ర జీవుల కోసం అని మొదలుపెట్టి సముద్ర జీవుల చోటే ఆక్రమించకూడదు.

సరే, మడ పెరిగే చోటికి వద్దాం. ఒడ్డు మీద అది పెరిగే పట్టీ చాలా సన్నం. సగటు సముద్ర మట్టానికి కాస్త పైనుంచి, అమావాస్య పౌర్ణమి పోటు నీరు ఎక్కే చివరి గీత దాకా. అంతకంటే కింద నాటితే మొక్క రోజులో ఎక్కువ గంటలు మునిగి ఊపిరాడక చస్తుంది. అంతకంటే పైన నాటితే ఉప్పు పేరుకుని ఎండిపోతుంది. కాకినాడ దగ్గర పెద్ద పోటుకీ (నీరు ఎక్కడం) పాటుకీ (నీరు దిగడం) మధ్య నీటి మట్టం తేడా సుమారు మీటరున్నర మాత్రమే. అందులో పై సగమే మడకు పనికొస్తుంది. అంటే నేల ఎత్తులో ఒక జానెడు తేడా మొక్క బతుకూ చావూ తేల్చేస్తుంది. మిమ్మల్ని డబ్బు అడుగుతున్న సంస్థ ఆ స్థలం ఎత్తు కొలిచిందా, లేదా? నేనైతే మొదట అడిగే ప్రశ్న ఇదే. కొలవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. పక్కనే బాగా పెరుగుతున్న మడ చెట్ల మొదళ్లు ఏ ఎత్తులో ఉన్నాయో, మనం నాటబోయే నేల ఏ ఎత్తులో ఉందో పోల్చడానికి పారదర్శకమైన గొట్టంలో నీళ్లు పోసి మేస్త్రీలు చూసే మట్టం చాలు.

ఇది చూడకుండా నాటితే ఏమవుతుందో ఆసియాలోని ఇతర దేశాలు చెబుతాయి. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాలపాటు కోట్ల మొక్కలు నాటారు. అక్కడి శాస్త్రవేత్తలు 2008లో లెక్క తీస్తే దీర్ఘకాలంలో బతికినవి నూటికి పది ఇరవై మాత్రమేనని తేలింది. శ్రీలంకలో 2004 సునామీ తర్వాత ఉత్సాహం పొంగి ఎన్నో సంస్థలు నాటాయి. 23 చోట్ల జరిగిన పనులను తర్వాత పరిశీలిస్తే 9 చోట్ల ఒక్క మొక్కా మిగల్లేదు. మొత్తం వెయ్యి, పన్నెండు వందల హెక్టార్లలో నాటితే నిలిచింది రెండు వందల హెక్టార్ల చిల్లర. రెండు దేశాల్లోనూ కారణాలు దాదాపు ఒకటే. నాటకూడని ఎత్తులో నాటారు, ఆ చోటికి సరిపడని జాతిని నాటారు, నాటాక తిరిగి చూడలేదు.

నాటకూడని చోట ఎందుకు నాటుతారు అని మీకు అనుమానం రావచ్చు. మడ పెరగగల చోట్లన్నీ చెరువులుగానో, ఉప్పు మడులుగానో, ఎవరో ఒకరి పట్టాగానో మారిపోయి ఉంటాయి. ఎవరూ అడ్డుపడని చోటు ఒకటే మిగులుతుంది, పాటు సమయంలో బయటపడే ఖాళీ బురద మైదానం. అక్కడ పొన్న (ఉప్పుపొన్న అనే మడ జాతి) కాడలు గుచ్చడం చాలా సులువు. పొన్న కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, జానెడు పొడవు పచ్చటి కాడగా వేలాడుతుంది. కోసి తెచ్చి బురదలో గుచ్చితే వరుసలు వరుసలుగా ఫోటోకు అందంగా ఉంటుంది. ఒక్కరోజులో వేలకొద్దీ గుచ్చవచ్చు. ఏడాదికల్లా వాటికి నాచు చుట్టుకుని, నత్తగుల్లలు అంటుకుని, బరువుకు వంగి పడిపోతాయి. పైగా ఆ బురద మైదానం ఖాళీ స్థలం కాదు. కాకినాడ అఖాతంలో అది చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టల మేత స్థలం, అంతరించిపోతున్న ఇండియన్ స్కిమ్మర్ అనే పక్షి గుంపులు వచ్చి వాలే చోటు, గుల్లలు ఏరుకుని బతికేవాళ్ల పొలం. అక్కడ మడ నాటి, అది ఒకవేళ బతికినా, ఒక జీవావరణాన్ని చంపి ఇంకొకటి పెట్టినట్టవుతుంది.

మరి చేయవలసిన పని ఏమిటి? మన డెల్టాలలో మడ అడవి చెడిన చోట్లను చూస్తే చాలావాటిలో ఒకే జబ్బు కనిపిస్తుంది. పూర్వం అటవీశాఖ వంటచెరకు కోసం కూపుల పద్ధతిలో ఒక్కో ముక్కను మొత్తంగా నరికించేది. నీడ పోయింది. ఎండకు నేలలోని తేమ ఆవిరై మట్టి కుంగింది. అంచుల్లో ఏటి ఒడ్డు మాత్రం ఎత్తుగానే ఉండిపోయింది. నడుమ పళ్లెంలా గుంట పడింది. పెద్ద పోటుకు అందులోకి నీరు ఎక్కుతుంది. పాటుకు దిగడానికి దారి లేదు. ఆ నీరు అక్కడే ఎండి ఉప్పు మిగులుస్తుంది. పక్షానికోసారి ఇదే జరుగుతుంటే వేసవి నాటికి నేల ఉప్పదనం సముద్రపు నీటిని మించిపోతుంది. అలాంటి నేలలో మీరు లక్ష కాదు, కోటి మొక్కలు నాటినా దండగే.

కృష్ణా వైపు అలాంటి ఒక పర్ర (చెట్టు లేని ఉప్పు నేల) మీద నిలబడి ఉన్నప్పుడు, ఏటిలో చేతులతో రొయ్యలు పట్టుకునే ఒక యానాది పెద్దావిడ మమ్మల్ని చూసి ఆగింది. మేము కర్రలు పాతి కొలతలు వేస్తున్నాం. కాలి కింద నేల తెల్లగా పొరలు కట్టి పెళపెళలాడుతోంది. అక్కడక్కడా కండగల ఎర్రటి ఆకుల చిన్న గుబురు మొక్కలు తప్ప పచ్చదనం లేదు. అంతకు ముందెవరో నాటిన మొక్కల గుర్తుగా వెదురు పుల్లలు మాత్రం వరుసగా నిలబడి ఉన్నాయి. "ఇక్కడికి నీళ్లు ఎక్కుతాయి గానీ దిగవయ్యా. ముందు వచ్చినవాళ్లకూ ఇదే చెప్పాను" అని తన దారిన తాను పోయింది. మేము పెద్ద పెద్ద పటాలు పెట్టుకుని తేల్చబోతున్న విషయం అదే.

నీరు దిగే దారి చేయడమే మందు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ తమిళనాడులోని పిచ్చావరంలో ఈ జబ్బును గుర్తించి, అటవీశాఖతో కలిసి కాలువల పద్ధతిని రూపొందించింది. తర్వాత మన గోదావరి, కృష్ణా మడ అడవుల్లోనూ గ్రామస్తుల కమిటీలతో, అటవీశాఖతో కలిసి అదే పని చేసింది. దాన్ని చేపముల్లు పద్ధతి అంటారు. ఉప్పుటేరు నుంచి గుంట మధ్యలోకి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటుకు నీరు వీటిలోంచి లోపలికి పాకుతుంది, పాటుకు వీటిలోంచే వెనక్కి పోతుంది. రోజూ రెండు పూటలా ఇలా కడుగుతూ ఉంటే నేలలో ఉప్పు తగ్గి, తేమ నిలుస్తుంది.

ఈ కాలువ తవ్వడం పైకి మట్టిపని లాగే ఉంటుంది, చూస్తే గానీ అందులో ఎంత నేర్పుందో తెలియదు. గట్లు నిలువుగా తవ్వితే నాలుగు పోట్లకు కూలిపోతాయి. అందుకని పైన వెడల్పు, కింద సన్నంగా, వాలుగా తవ్వాలి. తవ్విన మట్టిని గట్టు మీద కట్టలా పోస్తే నీరు పక్కకు పారదు. పలచగా దూరంగా చల్లాలి. అడుగు వాలు ఏటివైపు ఉండాలి. ఎక్కడైనా మధ్యలో చిన్న గుంట పడిందంటే అక్కడ నీరు నిలిచి మళ్లీ మొదటికొస్తుంది. తవ్వడం పాటు వేళల్లోనే. నీరు ఎక్కితే పని ఆగిపోతుంది, కూలీలు గట్టు మీద కూర్చుంటారు. ఆ గంటలకు కూడా కూలి ఇవ్వాలని లెక్కలు వేసేవాళ్లు మరచిపోతారు. మొక్క నాటవలసి వస్తే కాలువ వాలు మీద, మధ్య ఎత్తులో నాటాలి. అడుగున నాటితే మునుగుతుంది, గట్టు నెత్తిన నాటితే ఎండుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. కాలువ ఒకసారి తవ్వితే అయిపోదు. పోటు నీరు తెచ్చే బురద ప్రతి ఏడూ కొంత పూడుస్తుంది. చెట్లు పాదుకునే దాకా, కనీసం మొదటి మూడేళ్లు, ఏటా పూడిక తీయాలి. విరాళాలు ఇచ్చేవారిలో ఎక్కువమందికి ఈ ఖర్చు రుచించదు. కొత్త మొక్కకు ఫోటో ఉంటుంది, పూడికతీతకు ఏముంటుంది? కానీ నేను చూసిన పనుల్లో నిలిచినవీ పోయినవీ వేరుచేసినది ఎక్కువగా ఇదే.

నీరు బాగుపడితే చాలాచోట్ల విత్తనం దానంతట అదే వస్తుంది. అమెరికాలో రాబిన్ లూయిస్ అనే మడ అడవుల నిపుణుడు ఫ్లోరిడాలో ఈ సంగతిని పెద్ద ఎత్తున చేసి చూపించారు. నేల ఎత్తు, నీటి రాకపోకలు సరిచేసి వదిలితే, పక్క అడవి నుంచి కొట్టుకొచ్చిన కాయలే మొలిచి అడవి అయింది. మన దగ్గర ఆ పని ముందుగా చేసేది తెల్ల మడ, నల్ల మడ. వాటి కాయ బాదం పలుకంత ఉంటుంది. నీళ్లలో పడ్డాక పై తొక్క ఊడి, లోపలి మొలక తేలుతూ పోయి, తగిన బురద తగిలిన చోట నిలబడుతుంది. కొన్నేళ్లకు చుట్టూ నేలలోంచి శ్వాస వేర్లు పైకి పొడుచుకొస్తాయి. తెల్ల మడ ఆకు వెనక వేలితో రుద్ది నాలుకకు తగిలించుకోండి, ఉప్పగా ఉంటుంది. తాగిన ఉప్పును ఆకుల్లోంచి బయటికి పంపే చెట్టు అది. పొన్న అలా చేయలేదు, వేర్ల దగ్గరే చాలావరకు వడపోస్తుంది. అందుకే ఉప్పు ఎక్కువైన చోట తెల్ల మడ, ఏటి అంచున పొన్న, వెనక కాస్త గట్టి నేలలో తిల్ల, ఇలా ఎవరి చోటు వాళ్లకు ఉంటుంది. లక్ష మొక్కలూ ఒకే జాతి అని ప్రతిపాదనలో రాసి ఉంటే అక్కడితో చదవడం ఆపేయవచ్చు. తిల్ల గురించి ఒక హెచ్చరిక కూడా. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. తెలియనివాళ్లు కొమ్మ విరచకూడదు.

నాటడం నిజంగా అవసరమైన సందర్భాలు లేకపోలేదు. పక్కన తల్లిచెట్లు లేకపోతే, దారిలో గట్లు అడ్డుపడి కాయలు రాలేకపోతే, అరుదైపోయిన జాతిని తిరిగి తేవాలంటే నారు పెంచి నాటాలి. దానికి పోటు నీరు అందే చోట నారుమడి కట్టాలి. వానాకాలం చివర రాలే కాయల్లో పురుగు తొలిచినవి ఏరి పారేయాలి. సంచుల్లో అక్కడి బురదే నింపాలి. ఈ పనులు తీర గ్రామాల మహిళలు బాగా చేస్తారు. కూలి వాళ్ల చేతికి నేరుగా అందుతోందో లేదో అడిగి తెలుసుకోండి. నాటిన తర్వాత పీతలు కొరికేస్తాయి, మేకలూ గేదెలూ తినేస్తాయి. మా దగ్గర కంచె కన్నా పశువుల యజమానులతో ఒప్పందమే ఎక్కువ పనిచేసింది.

ఇదంతా సముద్రానికి ఎలా మేలు అని మీ మిత్రులు అడిగితే రొయ్యను చూపించండి. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్ల మాత్రం పోటుతో పాటు ఉప్పుటేర్లలోకి వచ్చి మడ వేర్ల మధ్య పెరుగుతుంది. ఎదిగాక మళ్లీ సముద్రానికి పోతుంది. ఒకప్పుడు హేచరీలు చాలినన్ని లేని రోజుల్లో ఆక్వా రైతులు చెరువుల్లో వేసిన పిల్ల ఈ ఏర్లలో మత్స్యకారులు పట్టి అమ్మినదే. మండ పీతదీ ఇలాంటి దారే, పెరగడం మడలో, గుడ్లు వదలడానికి ఆడపీత సముద్రంలోకి పోతుంది. పండుగప్ప పిల్లలూ ఇక్కడే పెరుగుతాయి. రాలిన ఆకును పీతలు లాగి కొరికి ముక్కలు చేస్తాయి, కుళ్లిన ఆ పొడి పాటుతో సముద్రంలోకి పోయి మేత అవుతుంది. కాకినాడ వలలో పడే చేపకీ కోరంగి ఆకుకీ సంబంధం అలా ఉంటుంది. బావురుపిల్లి, నీటికుక్క కోరంగిలో ఇంకా తిరుగుతున్నాయంటే ఈ మేత గొలుసు తెగలేదనే. కర్బనం విషయానికొస్తే మడ అడవి దాన్ని ఎక్కువగా దాచేది చెట్టులో కాదు, బురదలో. అందుకే పాత అడవిని కొట్టేసి కొత్త మొక్కలు నాటితే లెక్క సరిపోదు. శతాబ్దాలుగా పేరుకున్నది కొత్త మొక్క ఇప్పట్లో పూడ్చలేదు.

తుఫాను రక్షణ గురించి పెద్ద మాటలు వింటారు. 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుఫాను చూసిన ప్రాంతం కాబట్టి ఆ మాటలకు బలం కూడా ఎక్కువ. నిజం ఎంతంటే, వంద మీటర్ల మడ పట్టీ మామూలు గాలి అలల ఎత్తును నూటికి 13 నుంచి 66 దాకా తగ్గించగలదు. ఉప్పెన నీటి మట్టాన్ని మాత్రం కిలోమీటరు వెడల్పు అడవి తగ్గించేది 5 నుంచి 50 సెంటీమీటర్లు. ఒడిశాలో 1999 పెను తుఫాను తర్వాత కేంద్రపడా జిల్లా గ్రామాలను పరిశీలించి, 2009లో సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ ఒక అధ్యయనం ప్రచురించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే ఆ ఊళ్లో చావులు అంత తక్కువ అని అందులో తేలింది. ముందస్తు హెచ్చరిక అంతకంటే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా అదే అధ్యయనం చెప్పింది. నాలుగు వరుసల మొక్కలు నాటి గోడ కట్టామని చెప్పుకోకూడదు. గోడ అని నమ్మి హెచ్చరిక వచ్చినప్పుడు ఊరు ఖాళీ చేయకపోతే అది ఇంకా ప్రమాదం.

ఇక డబ్బు. మీకు ప్రతిపాదన పంపిన సంస్థను స్థలం ఎక్కడో అక్షాంశ రేఖాంశాలతో సహా ఇమ్మనండి. ఇవ్వకపోతే మాటలు అక్కడితో ముగించండి. ఇస్తే, గూగుల్ ఎర్త్‌లో ఆ చోటు తెరిచి, పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరుపుకుంటూ పోండి. ఇది ఉచితం, డాలస్‌లో కూర్చునీ చేయవచ్చు. ఇరవై ఏళ్ల కిందట అక్కడ మడ అడవి ఉండి తర్వాత పోయిందా? అయితే ఎందుకు పోయిందో సంస్థ చెప్పగలగాలి. ఎప్పుడూ ఖాళీ బురదేనా? అయితే వద్దు. ఇప్పటికే పలచగా మొక్కలు వస్తున్నాయా? అయితే అది దానంతట అది కోలుకుంటోంది, నాటి దాని పేరు కొట్టేయడం తప్ప మీరు చేసేది ఏమీ ఉండదు.

తర్వాత భూమి ఎవరిదో అడగండి. కోరంగి అభయారణ్యం 1978 నుంచి రక్షిత ప్రాంతం, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అందులో గానీ రిజర్వు అడవుల్లో గానీ అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా మొక్క నాటడం కూడా కుదరదు. కేంద్ర ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన మిష్టీ పథకం అయిదేళ్లలో 540 చదరపు కిలోమీటర్ల మడ అడవులను లక్ష్యంగా పెట్టుకుంది. తొమ్మిది తీర రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాలు దాని పరిధిలో ఉన్నాయి. ప్రభుత్వ నిధి వస్తున్న స్థలానికే మీ డబ్బునూ చూపించి రెండు ధ్రువపత్రాలు ఇవ్వడం జరగకుండా, ఇదే స్థలానికి ఇంకెవరు నిధులిస్తున్నారో రాసి ఇమ్మనండి.

ఒప్పందం మొక్కల సంఖ్య మీద కాకుండా హెక్టార్ల మీద, ఏళ్ల మీద రాయించండి. మొత్తం ఒకేసారి ఇవ్వకండి. మొదటి విడత స్థల పరిశీలన, కొలతలకు. రెండో విడత కాలువలకు. మిగతాది మూడేళ్ల పూడికతీతకూ, కాపలాకూ, చచ్చిన చోట మళ్లీ ప్రయత్నించడానికీ. మూడో ఏడాది చివర ఎంత విస్తీర్ణం పచ్చబడిందో సంస్థతో సంబంధం లేనివారు చూసి చెప్పాక చివరి విడత. దీనికి ఒప్పుకునే సంస్థలు తక్కువ. ఉన్నవి నికరమైనవి. లక్ష అంకె వదులుకోవడం మీ మిత్రులకు కష్టంగా ఉండవచ్చు. కానీ పది హెక్టార్ల పర్ర నిజంగా అడవిగా మారితే అది లక్ష పుల్లల కన్నా ఎంతో మేలు.

విరాళం పంపే పద్ధతిలో ఒక చిక్కు ఉంది. మీలో భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు సొంత సంపాదన నుంచి ఇచ్చేది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా, ఇచ్చేది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో దానికోసం తెరిచిన ఖాతాకే పోవాలి. రెండు రకాల డబ్బునూ కలిపి ఒకరి ఖాతాలో పోగు చేసి పంపకండి, తర్వాత సంస్థకే ఇబ్బంది. ఇక్కడ పన్ను కట్టేవారికి విరాళం మీద వచ్చే మినహాయింపు (80జీ అని పిలుస్తూ వచ్చినది) పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది.

మీ డబ్బుకు ఇంకా మంచి దారి ఒకటి ఉందని నా అభిప్రాయం. రాష్ట్రంలో ఉన్న మడ అడవి నాలుగు వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో రిజర్వు అడవికి బయట, రెవెన్యూ భూముల్లో, ఊరి అంచుల్లో ఉన్న ముక్కలే అన్నిటికన్నా ముందు పోతాయి. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ చెట్లున్న నేలను ఇళ్ల స్థలాల కోసం చదును చేస్తే సంగతి జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. చట్టం బలహీనంగా ఏమీ లేదు. తీర నియంత్రణ నిబంధనల ప్రకారం మడ ఉన్న చోటు అత్యంత రక్షణ ఉన్న తరగతిలో వస్తుంది. వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్ల దాకా ఆ రక్షణే. లోపం ఎక్కడంటే, అది మడ అని కాగితం మీద ఎక్కి ఉండకపోవడం. అలాంటి ముక్కలను సర్వే నంబర్లతో పటం గీయించడం, ఆ ఊళ్ల మత్స్యకార సంఘాలతో పంచాయతీలో తీర్మానం చేయించి జిల్లా యంత్రాంగం ముందు పెట్టడం, ఇద్దరు స్థానిక కుర్రాళ్లకు కాపలా జీతం ఇవ్వడం, వీటికి అయ్యే ఖర్చు మొక్కల పథకంతో పోలిస్తే తక్కువ. నిలిచి ఉన్న అడవి రేపటి మొక్కలకు విత్తనం కూడా. పాడుపడిన రొయ్యల చెరువుల గట్లకు సరైన చోట గండి కొట్టించడం ఇంకో మంచి పని. కాకపోతే పట్టా, లీజు తగాదాలు తేలాకే దానికి దిగాలి.

మీవాళ్లు వచ్చి ఒక రోజు నాటడం గురించి. దయచేసి వద్దు. రెండు వందల మంది బూట్లతో బురదలోకి దిగితే శ్వాస వేర్లు విరిగిపోతాయి, నేల గట్టిపడుతుంది, మీరు నాటిన వాటిలో చాలావాటిని మర్నాడు కూలీలు సరిచేయాలి. వస్తే నారుమడి దగ్గరికి రండి. సంచుల్లో బురద నింపడం, కాయలు ఏరడం, ఏటిలో మొలకలకు చుట్టుకున్న ప్లాస్టిక్కూ పాత వలముక్కలూ తీయడం, ఇవన్నీ ఎవరైనా చేయగలరు. అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా వస్తే పోటూ పాటూ పూర్తిగా ఒకే రోజు చూడవచ్చు. వేళలు పడవ నడిపేవాళ్లను ముందు రోజు అడిగి ఖాయం చేసుకోండి. పాత చెప్పులు, మార్చుకునే బట్టలు తెచ్చుకోండి. ఆ సంస్థ పంపిన ప్రతిపాదనలో స్థలం వివరాలు ఉంటే ఇక్కడ పెట్టండి, పాత చిత్రాలు తిరగేసి నాకు కనిపించినది చెబుతాను.